గుల్లల మేట

ఆ ఏడు వానలు మొదలైన వారంలోనే, మొక్కలు నాటడానికి డబ్బిస్తామని సిమెంటు కంపెనీ వాళ్ళు మా ఇంటికి వచ్చారు. బురదంటని తెల్లటి బూట్లు, అందరికీ ఒకే రంగు టీషర్టులు. మా అమ్మ వాళ్ళకు అల్లం టీ ఇచ్చి, కొబ్బరి చల్లిన బియ్యప్పిండి ముద్దలు పళ్ళెంలో పెట్టి, వసారాలోంచి చెయ్యి చాపి ఏరు సముద్రంలో కలిసే మొగ చూపించింది. పాటు తీసిన వేళ అది. నీళ్ళు వెనక్కి పోయి మేటంతా బయటపడింది. నల్లటి బురద మబ్బు వెలుతురులో మెరుస్తోంది. దాని మీద గుల్లలు ఏరే ఆడవాళ్ళు వంగి, బకెట్లు ఈడ్చుకుంటూ తిరుగుతున్నారు.

“అక్కడ,” అంది అమ్మ. “ఆ మేట మొత్తం మడ అడవి కావాలి. నేను పోయేలోపు కావాలి.”

వాళ్ళలో పెద్దాయన లేచి వంతెన వైపు చూశాడు. పెద్ద రోడ్డు మీద పోయే బస్సుల్లోంచి ఈ మేట కనిపిస్తుందా అని అడిగాడు. బాగా కనిపిస్తుందని అమ్మ చెప్పింది. ఆయనకు అంతకంటే అక్కర్లేకపోయింది.

మా వదిన నెరీసా వంటింటి గుమ్మంలో నిలబడి అంతా వింది. వాళ్ళ బండి మలుపు తిరిగిందో లేదో, చేతిలో చల్లారిపోయిన గ్లాసు బల్ల మీద పెట్టింది.

“అత్తయ్యా, అక్కడ బతకవు.”

“ఈసారి బతుకుతాయి.”

“పోయినసారీ అదే అన్నారు. అంతకుముందూ అదే. అలలు నేరుగా కొట్టే చోటది. ఎక్కువసేపు మునిగే ఉంటుంది. అక్కడ ఎప్పుడూ అడవి లేదు. ఉన్న అడవంతా లోపల, ఇప్పుడు చేపల చెరువులున్న చోట ఉండేది. ఆ గట్లు తెరిస్తే—”

“ఎవరు తెరుస్తారు? రెండేళ్ళుగా చెరువుల వాళ్ళ గుమ్మాలు తొక్కుతున్నావు. ఒక్కరైనా సరేనన్నారా?”

వెళ్ళిన ప్రతి ఇంట్లో వదినకి కుర్చీలు వేశారు, కాఫీలిచ్చారు, చేపలు కూడా కట్టి ఇచ్చారు. గట్టు మాత్రం ఎవరూ ఇవ్వలేదు.

మా ఇంటి ముందు ‘తలినాబ్ మొగ సంరక్షణ సంఘం’ అని బోర్డు ఉంటుంది. అమ్మ అధ్యక్షురాలు, వదిన డైరెక్టరు, నేను కార్యదర్శిని. ఊళ్ళో మాత్రం అందరూ అత్తాకోడళ్ళ సంఘం అంటారు. ఆడపడుచునైన నన్ను ఎవరూ లెక్కలో వెయ్యరు. పెరట్లో వల కట్టి పెంచే మడ మొక్కల నారుమడి నాది. మా అన్నయ్య పేరు రోములో. ఓడ మీద పనిచేస్తాడు. ఎప్పుడో ఫోన్ చేసి, “మీ ముగ్గురూ బాగానే ఉన్నారుగా?” అని అడుగుతాడు. ఆ ‘ముగ్గురూ’ అనే మాట దగ్గర గొంతు కొంచెం తగ్గుతుంది. ఆ మధ్యలో ఇరుక్కునే మనిషి తను కానందుకు దేవుడికి దండం పెట్టుకుంటాడేమో.

అమ్మ పేరు పసెన్సియా. ఊరికంతటికీ పసింగ్ టీచర్. బళ్ళో చెప్పి చెప్పి రిటైరైన మనిషి. మొక్కల జోలికి ఎప్పుడూ పోలేదు, పెద్ద తుఫాను దాకా. ఆ రోజు పొద్దున మా నాన్న ఇంటి వెనక చెరువు తూము పలకలు ఎత్తడానికి వెళ్ళాడు, వాన నీటికి గట్టు తెగిపోతుందని. వాన నీరు కాదు, మొగలోంచి సముద్రమే లేచి వచ్చింది. గట్టు నిలబడింది. నాన్న దొరకలేదు. మరుసటి ఏడు అమ్మ బడిపిల్లల్ని వెంటేసుకుని మేట మీద మొదటి మొక్క నాటింది. ఊరికీ సముద్రానికీ మధ్య ఒక గోడ లేవాలని ఆమె పట్టుదల.

నాన్న చెరువులో అప్పట్నుంచీ చేప పిల్ల వెయ్యలేదు. నీళ్ళు పచ్చగా నిలవుండి, నాచు పట్టి, ఎండల్లో కంపు కొట్టేది. అయినా అమ్మ రోజూ సాయంత్రం కొడవలి పట్టుకుని ఆ గట్టు మీద నడిచేది. పీతలు తొలిచిన కన్నాల్లో మట్టి కూరేది. ఆ గట్టు నాన్న తట్టలు మోసి కట్టింది.

అనిసెటో గారని మా వైపు పెద్ద చెరువులాయన ఉన్నాడు. ఆయన దగ్గరికి వదిన వెళ్ళినప్పుడు, ముందు మీ ఇంటి వెనక గట్టు కొట్టుకుని తర్వాత మా గుమ్మం తొక్కమ్మా అన్నాడట. వదిన ఆ మాట ఇంట్లో నవ్వుతూ చెప్పింది. అమ్మ చేతిలో చెంచా పళ్ళెంలో పెట్టేసింది. తర్వాత ఆ మాట మా ఇంట్లో ఎవరం ఎత్తలేదు.

కానీ కంపెనీ వాళ్ళు వచ్చిన ఆ సాయంత్రం వాదన పెరిగింది. మా వైపు జనం కోపాన్ని కూడా రాగం తీసినట్టు మాట్లాడతారు. బయటి నుంచి వినేవాడికి అత్తాకోడళ్ళు ఏదో వంట గురించి చెప్పుకుంటున్నారనిపిస్తుంది. సముద్రం మళ్ళీ వస్తే ఎవరు ఆపుతారని అమ్మ అడిగింది.

“అడవే ఆపుతుంది అత్తయ్యా. ఉండాల్సిన చోట ఉంటే. మన చెరువు తవ్వకముందు అక్కడా అడవే కదా. అది అలాగే ఉండి ఉంటే మామయ్య...” అని వదిన ఆగిపోయింది.

అమ్మ లేచింది. చేతులు కడుక్కుంది. తువ్వాలుతో ఒక్కో వేలూ తుడుచుకుంది. “మొక్కలు సిద్ధం చెయ్యి డెల్ఫినా,” అంది నాతో, వదిన వైపు చూడకుండానే.

ఇద్దరూ విడివిడిగా నా నారుమడి దగ్గరికి వచ్చారు. ఉప్పుపొన్న కాయలు మునగకాడల్లా సంచుల్లో నిటారుగా నిలబడి, ఒక్కొక్కటీ రెండేసి ఆకులు విప్పుకుని ఉన్నాయి. వదిన ఒక ఆకు వేళ్ళ మధ్య పట్టుకుని, వీటిని అక్కడికి పంపడం అంటే చంపడమే కదా అంది. అమ్మ వచ్చి, ఎన్ని ఉన్నాయో చూసుకుని, బాగా పెంచావంది. నేను ఇద్దరికీ తలూపాను. మొక్కలు పెంచినదాన్ని నేను. అవి ఎక్కడికి పోవాలో నన్నెవరూ అడగలేదు.

నాటిన రోజు పెద్ద తిరునాళ్ళే. బడి బ్యాండు వచ్చింది. మేయరు వచ్చాడు. మొదటి మొక్క నాటబోయి మోకాలి దాకా దిగబడ్డాడు. ఇద్దరు పోలీసులు ఆయన్ని పైకి లాగారు గాని ఆయన చెప్పు ఒకటి ఇప్పటికీ ఆ బురదలోనే ఉంది. వదిన రాదనుకున్నాను. వచ్చింది. పిల్లలు ఇంకా ఆకు తొడగని కాయల్ని తలకిందులుగా గుచ్చేస్తుంటే ఒక్కొక్కరి దగ్గరా వంగి, మొన కిందికి రా, మొగ్గ పైకి రా అని చూపిస్తూ తిరిగింది. ఫోటోలు తీసేవాడు ఆమెనీ అమ్మనీ పక్కపక్కన నిలబెట్టాడు. ఇద్దరూ నవ్వారు.

మధ్యాహ్నానికి కంపెనీ మనుషులు వెదురు గుంజలు దించారు. మేట చుట్టూ పాతి నైలాను తాడు బిగించారు. మొక్కల్ని ఎవరూ తొక్కకూడదట. రోడ్డు వైపు కంపెనీ పేరుతో పెద్ద బోర్డు పెట్టారు. సలుద్ పిన్ని బకెట్టు పట్టుకుని తాడుకు ఇవతల నిలబడి ఉంది. ఆమె అమ్మకి చిన్నప్పటి స్నేహితురాలు. తల్లి కాలం నుంచీ ఈ మేట మీద గుల్లలు ఏరి బతికిన మనిషి. తుఫాను తర్వాత అమ్మతో కలిసి మొదటి మొక్కలు నాటింది కూడా ఆమే.

“మేమెటు వెళ్ళాలి పసింగ్?” అని అడిగింది.

“కొన్నాళ్ళే సలుద్. వేళ్ళు పట్టేదాకా.”

తాడు సంగతి అమ్మకి ముందే చెప్పారో, అప్పుడే తెలిసిందో నాకు తెలియదు. వదిన మొహం చూస్తే మాత్రం ఆమెకి తెలియదని అర్థమైంది. బురద చేతులతోనే అమ్మ దగ్గరికి వచ్చి నిలబడింది. ఏదో అనబోయింది. చుట్టూ పిల్లలు, బ్యాండు, మేయరు. వెనక్కి తిరిగి ఏటి నీళ్ళలో చేతులు కడుక్కుంది.

ఆ తర్వాత వారాలు ఎలా గడిచాయో చెప్పడం కష్టం. నైరుతి గాలి ఆగకుండా వీచింది. రేకులు దడదడలాడుతుంటే ఇంట్లో ఎవరం ఒకచోట కూర్చోలేకపోయేవాళ్ళం. వదిన చెరువుల వాళ్ళ ఇళ్ళ చుట్టూ మళ్ళీ తిరగడం మొదలుపెట్టింది, ఈసారి వానలోనే. అమ్మ వసారాలో ఈ చివర నుంచి ఆ చివరకి నడిచేది. గాలి ఎక్కువైతే మేట వైపు చూసేది, తగ్గితే రేడియో పెట్టేది. రోజూ మూడింటికి సలుద్ పిన్ని ఒక గిన్నెడు గుల్లలు తెచ్చి కాఫీ తాగి వెళ్ళడం మా ఇంటి అలవాటు. ఆమె రావడం మానేసింది. అమ్మ రెండు కప్పులు కలిపేది. కాసేపు చూసి రెండూ తనే తాగేది.

మొక్కలు ముందు బాగానే ఉన్నాయి. తర్వాత ఆకులు పసుపెక్కాయి. కాండాల నిండా తెల్లటి బుడిపెలు, రాతి పెంకుల్లాంటివి, కరుచుకున్నాయి. సముద్రపు నాచు పీలికలు చుట్టుకుని ఆ బరువుకి మొక్కలు వంగిపోయాయి. పాటు తీసినప్పుడల్లా అమ్మ పాత కూరల కత్తి పట్టుకుని మేట మీదికి దిగేది. డెబ్బై దాటిన మనిషి బురదలో మోకాళ్ళ మీద కూర్చుని ఒక్కో మొక్కనీ చంటిపిల్ల కాలులా ఎడమచేత్తో పట్టుకుని ఆ పెంకులు గీకేది. ఒక వరుస అయ్యేసరికి నీళ్ళు వచ్చేసేవి. మర్నాటికి మళ్ళీ పెంకులు.

వదిన కొన్నాళ్ళు వసారాలోంచి చూసింది. ఒకరోజు వంటింట్లోంచి ఇంకో కత్తి తీసుకుని దిగింది. అమ్మకి ఎదురు వరుసలో కూర్చుని గీకడం మొదలుపెట్టింది. నేను వసారాలోంచి చూస్తూ నిలబడ్డాను. నీళ్ళు పాదాల దాకా వచ్చాక వదిన లేచి చెయ్యి అందించింది. అమ్మ పట్టుకుని లేచింది. ఆ పూట అన్నాల దగ్గర, ఎండు చేప ముక్క ఒకటి అమ్మ వదిన పళ్ళెంలో వేసింది. అంతా సర్దుకుంటుందని నేననుకున్నాను.

గుల్లలవాళ్ళు అప్పటికి అవతలి ఇసుక దిబ్బకి పోవడం అలవాటు చేసుకున్నారు. అక్కడికి నడిచి పోలేరు. మధ్యలో లోతైన పాయ ఉంది, సముద్రపు అల అందులోంచే లోపలికొస్తుంది. పడవ ఉన్నవాళ్ళు తక్కువ. వెదుళ్ళు కట్టిన తెప్ప మీద దాటేవారు. ఒక పొద్దున తిరిగొస్తుంటే బకెట్ల బరువు ఒక పక్కకి ఒరిగి, అల వచ్చి తగిలి తెప్ప బోర్లాపడింది. వలలు వేసేవాళ్ళు దగ్గర్లో ఉండబట్టి అందరినీ లాగారు. సలుద్ పిన్ని చాలా నీళ్ళు తాగింది. ఊపిరితిత్తుల్లోకి నెమ్ము దిగిందని ఆసుపత్రిలో పెట్టారు.

అమ్మతో నేను వెళ్ళాను, ఫ్లాస్కులో గంజి పట్టుకుని. మంచం మీద పిన్ని సగం అయిపోయింది. అమ్మ ఆమె చెయ్యి పట్టుకుని కూర్చుంది. చాలాసేపు ఇద్దరూ ఊళ్ళో ఎవరెవరి మనవలు ఏం చదువుతున్నారో మాట్లాడుకున్నారు. దగ్గు ఆగాక పిన్ని మెల్లగా అంది:

“నీ గోడ బాగుంది పసింగ్. మేమే దానికి బయట పడ్డాం.”

అందులో ఎత్తిపొడుపు లేదు. ఉన్నమాట చెప్పినట్టే చెప్పింది. అమ్మ గంజి గిన్నెలోకి పోసింది. కొంచెం దుప్పటి మీద ఒలికింది. ఇంటికొచ్చే దారిలో మోటారు బండి సైడుకారులో వాన జల్లు మొహాన కొడుతున్నా పరదా దించనివ్వలేదు.

పిన్ని అన్న మాట నేను వదినకి చెప్పాను. తర్వాతి పాటు తెల్లవారాక వచ్చింది. వదిన నారుమడి దగ్గరికి వచ్చి, “డెల్ఫినా, బుట్టలెన్ని ఉన్నాయి?” అని అడిగింది.

ఎందుకని నేను అడగలేదు. ఉన్న బుట్టలన్నీ తడి గోనెలు పరిచి ఇచ్చాను. ఒకటి నేనూ తీసుకున్నాను. వసారాలో అమ్మ నిలబడి ఉంది. మేమిద్దరం బుట్టలెత్తుకుని మెట్లు దిగుతుంటే చూసింది. పిలుస్తుందని నేను రెండు మూడుసార్లు వెనక్కి చూశాను. లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది.

మేట దగ్గర గుల్లలవాళ్ళు అప్పటికే చేరారు. వదిన ముందు రాత్రికే కబురు పెట్టినట్టుంది. కంపెనీ కాపలా మనిషి ఫెర్మిన్ గొడుగు కింద కూర్చుని ఉన్నాడు. మాకు దూరపు చుట్టమే. మమ్మల్ని చూసి లేచి, ఇబ్బందిగా తల గోక్కున్నాడు.

“అక్కా, నేను ఫోన్ చెయ్యాలి మరి.”

“చెయ్యి ఫెర్మిన్. చేశాక ఇటొచ్చి ఈ గుంజ పట్టుకో, బాగా బిగుసుకుపోయింది.”

అతను ఫోన్ చేశాడు. చేశాక వచ్చి గుంజ పట్టుకున్నాడు.

తాడు చుట్ట చుట్టి పక్కన పెట్టాం. చచ్చిన మొక్కల్ని వదిలేశాం. బతికున్నవాటి చుట్టూ చేతులతో బురద తవ్వి, వేరుకు అంటుకున్న మట్టితో సహా ఎత్తి బుట్టల్లో పెట్టాం. ఎలా ఎత్తాలో ఆడవాళ్ళకి నేనే చూపించాను. అవి నా చేతిలో మొలిచినవి. ఒక్కొక్కటీ ఎత్తుతుంటే నాకు ఏడుపొచ్చినట్టూ ఉంది, ఊపిరాడినట్టూ ఉంది. వదిన వానలో జుట్టు మొహానికంటుకుని, వరుస తర్వాత వరుస తవ్వుకుంటూ పోయింది. ఒకామె నవ్వుతూ, మడ అడవి కాపాడమని మా ఇంటికొచ్చి ప్రాణాలు తోడిన నెరీసాయేనా ఈమె అంది. ఎవరూ నవ్వలేదు. మడ మొక్క పీకితే జైలని ఊరూరా తిరిగి చెప్పింది మా వదినే.

పోలీసులు వచ్చి ఆమెనీ నన్నూ బండెక్కించారు. బుట్టలు కూడా ఎక్కించారు, సాక్ష్యమని.

స్టేషన్లో మమ్మల్ని బెంచీ మీద కూర్చోబెట్టారు. కంపెనీ పెద్దాయన ముందే వచ్చి ఉన్నాడు. ఎస్సై పేరు క్రిసాంతో, అమ్మ దగ్గర చదువుకున్నవాడు. అతను మా వైపు చూడలేక బల్ల మీద కాగితాలు అటూ ఇటూ జరుపుతున్నాడు. మొక్కలు సంఘానివి, సంఘం అధ్యక్షురాలు వచ్చి ఫిర్యాదు చేస్తే తప్ప కేసు నిలవదట. టీచర్ గారికి కబురు పెట్టామని, ఆమె న్యాయం తప్పే మనిషి కాదని కంపెనీ పెద్దాయన చెప్పాడు. వదిన నా పక్కన కూర్చుని గోళ్ళలో బురద తీసుకుంటోంది. “మీ అమ్మ చెప్పేది చెప్తుంది, నువ్వు మధ్యలో కల్పించుకోకు,” అంది నాతో. ఆమె ఏమనుకుందో నాకు తెలుసు. నేనూ అదే అనుకున్నాను.

అమ్మ చర్చికి వేసుకునే గౌను వేసుకుని వచ్చింది. గొడుగు మూసి నీళ్ళు కారనిచ్చి, తలుపు పక్కన ఆనించింది. మా వైపు చూడలేదు. బుట్టల వైపు చూసింది. వంగి, ఒక మొక్క పైకెత్తి, వేరు చూసి, గోనె మళ్ళీ కప్పింది.

“వీటి మీద నీళ్ళు చల్లించు క్రిసాంతో. ఎండిపోతున్నాయి.”

క్రిసాంతో కంగారుగా ఒక కానిస్టేబులుని పంపాడు. తర్వాత గొంతు సవరించుకుని, మొక్కలు పీకేశారని ఫిర్యాదొచ్చిందని చెప్పాడు.

“పీకారని ఎవరన్నారు?”

“వీరు, టీచరమ్మా.”

“మీ నాన్న వరి నారు తీసి పొలంలో నాటేవాడు. ఆయన నారు పీకేశాడని ఎవరైనా స్టేషనుకొచ్చారా?” అని అడిగింది అమ్మ. “మేట మీద వేర్లు పట్టలేదు. వేరే చోట నాటడానికి తీశారు. సంఘం తీయమంది. అంటే నేనే తీయమన్నాను.”

కంపెనీ పెద్దాయన నమ్మలేదు. చాలా మర్యాదగా, వేరే చోటంటే ఎక్కడో చెప్పగలరా అని అడిగాడు.

అమ్మ కిటికీలోంచి వాన వైపు చూసింది. చేతిసంచీ పట్టీ మణికట్టుకి ఒకసారి చుట్టి విప్పింది.

“మా చెరువులో,” అంది.

వదిన తలెత్తి అమ్మ వైపు చూసింది. అమ్మ అప్పటికే గొడుగు తీసుకుంది.

ఇంటికొచ్చాక పొగిడిందీ లేదు, తిట్టిందీ లేదు. పెట్టెలో రెండు జతలు సర్దుకుంది. కొండ పక్క ఊళ్ళో మా పెద్దమ్మ ఉంటుంది, అక్కడికి వెళ్తానంది. వదిన పెట్టెకి అడ్డంగా నిలబడి, “అత్తయ్యా, గట్టు అక్కర్లేదు. ఈ మొక్కలకి ఏటి పక్కన ఇంకో చోటు వెతుకుతాను. మీరు వెళ్ళొద్దు,” అంది.

“స్టేషన్లో అబద్ధమాడే వయసు కాదు నాది,” అంది అమ్మ. “కొట్టండి. కానీ నేను ఉన్నప్పుడు కాదు.” పెట్టె మూసి, దాని మీద చెయ్యి ఉంచి, అప్పుడు వదిన మొహంలోకి చూసింది. “ఆ రోజు నువ్వు సగం చెప్పి ఆపేసిన మాట. అది నేను ఎన్నో ఏళ్ళుగా అనుకుంటూనే ఉన్నాను. ఇంకొకరి నోట వినడం వేరు. అందుకే నీ మీద కోపం పోవడం లేదు. పోయాక వస్తాను.”

అన్నయ్య ఫోన్ చేస్తే అంతా చెప్పాను. వెనక ఓడ ఇంజను మోగుతోంది. అంతా విని, ఇంతకీ తప్పెవరిదని అడిగాడు. నేను సిగ్నలు లేదని పెట్టేశాను.

గట్టుని గుల్లలవాళ్ళే కొట్టారు. ఎక్కడ కొట్టాలో తేలడానికి వదిన చాలా తిరిగింది. చెరువు తవ్వకముందు కాలువ ఏ దారిన వచ్చేదో ఊళ్ళో ముసలివాళ్ళని అడిగింది. వాళ్ళు తలోచోటూ చూపించారు. వాన ఆగిన ఒక పొద్దున పారలు పట్టాం. నాన్న కట్టిన మట్టి గట్టిగా రాయిలా ఉంది, పార దిగేది కాదు. లోపలి పొరల్లో ఆయన కూరిన కొబ్బరి పీచు ఇంకా అలాగే ఉంది. నేను తవ్వలేకపోయాను. పక్కకి వెళ్ళి కూర్చున్నాను. ఇంకా జానెడు మట్టి మిగిలి ఉండగా వదిన అందరినీ పైకి రమ్మంది. పోటు వచ్చి ఆ జానెడూ తనే తోసేసింది. నిలవ నీరు బురబురమని కదిలింది. కంపు కొట్టింది. తర్వాత ఏటి నీరు లోపలికొచ్చింది. అన్నయ్యకి ఫోన్ కలిపి విషయం చెప్పాను. ఫోను నీళ్ళ దగ్గర పెట్టమన్నాడు. చాలాసేపు పెట్టాను.

మొక్కలు అందులో నాటాం. సగానికి పైగా చచ్చాయి. వదినకి తెలిసినదంతా నిజం కాలేదు, అమ్మకి తెలిసినదంతా అబద్ధమూ కాలేదు. కంపెనీ తన బోర్డు తను పట్టుకుపోయింది. దానితో సంఘానికి వచ్చే డబ్బూ పోయింది. వదిన పొద్దునపూట బళ్ళో లెక్కలు చెప్పడానికి ఒప్పుకుంది. నేను నారుమడి సగం తీసేసి వంగ, బెండ వేశాను. వదిలేసిన వెదురు గుంజలతో సలుద్ పిన్ని వాళ్ళు మేట ఒడ్డున గుల్లలు కడుక్కోవడానికి పాక వేసుకున్నారు. సంఘం బోర్డు మాత్రం దించలేదు. అధ్యక్షురాలి పేరు మార్చమని ఎవరో అంటే వదిన వినిపించుకోలేదు. వారం వారం అమ్మకి తినడానికి ఏదో ఒకటి బస్సులో పంపేది. గిన్నెలు కడిగి ఖాళీగా తిరిగొచ్చేవి. ఒకసారి మాత్రం ఖాళీగా రాలేదు, లోపల కొండ అరటిపళ్ళున్నాయి.

నైరుతి తగ్గి, ఈశాన్యపు చల్లగాలి తిరిగాక, ఒక మధ్యాహ్నం బస్సు దిగి అమ్మ నేరుగా నడుచుకుంటూ వచ్చేసింది. పెట్టె వసారాలో పెట్టింది. వదిన బడి నుంచి వచ్చి ఇంకా బట్టలు కూడా మార్చుకోలేదు.

“చూపించు,” అంది అమ్మ.

ముగ్గురం గట్టు మీద నడిచాం. నీళ్ళు దిగి ఉన్నాయి. పచ్చటి నాచు పోయింది. కొత్త మెత్తటి ఒండ్రు పరుచుకుంది. మేము నాటిన ఉప్పుపొన్నలు అక్కడక్కడా వరుసగా నిలబడి ఉన్నాయి. వాటి మధ్య, వరుసా గిరుసా లేకుండా, వేలెడంత తెల్లమడ మొక్కలు లేచాయి. ఎవరో చల్లినట్టు, చెరువు నిండా.

అమ్మ వంగి చూసింది. “ఇవెవరు నాటారు?”

“ఎవరూ నాటలేదు అత్తయ్యా. పోటు నీళ్ళలో కాయలు కొట్టుకొచ్చాయి.”

గాలికి అమ్మ గౌను అంచు కొట్టుకుంటోంది. ఆమె ఏడుస్తుందేమోనని నేను పక్కకి చూశాను. ఏడవలేదు.

“మరి నేనేం చెయ్యాలి?” అని అడిగింది.

నిజంగానే అడిగింది. వదిన కూడా నిజంగానే ఆలోచించింది.

“మేకలు,” అంది. “అనిసెటో గారి మేకలు రోజూ ఈ గట్టెక్కి వస్తున్నాయి. లేత ఆకు వదలవు. నేను వెళ్ళి చెప్తే ఆయన నవ్వి కాఫీ ఇస్తున్నాడు.”

“కాఫీ తాగావా?”

“తాగాను.”

“తాగకూడదు,” అంది అమ్మ. “కాఫీ తాగితే ఇంక ఏం అడుగుతావు?”

ఆయన ఇంటికి దగ్గర దారి ఆ గట్టు మీదుగానే. మధ్యలో మేము కొట్టిన గండి ఉంది. దాని అంచున అమ్మ ఆగింది. వదిన చుట్టూ తిరిగి వెళ్దామంది. అమ్మ చెప్పులు విడిచి నా చేతికిచ్చి, గౌను మోకాళ్ళ పైకి పట్టుకుని, వదిన భుజం మీద చెయ్యి వేసి నీళ్ళలోకి దిగింది. గండి మధ్యకి వచ్చాక నిలబడిపోయింది.

“లాగుతోందే.”

“పోటు మొదలైంది అత్తయ్యా.”

నీళ్ళు ఆమె పిక్కల్ని ఒరుసుకుంటూ లోపలికి పోతున్నాయి. కాసేపు అలాగే నిలబడింది, తల వంచి. తర్వాత వదిన భుజం వదలకుండానే అవతలి గట్టెక్కి, మేకల సంగతి తేల్చడానికి బయల్దేరింది.